ఓటెయ్యడానికి ఊరికి రావాలనుకునే ఎన్నారైలు ముందే చూసుకోవాల్సినవి

ఎలక్షన్లొస్తున్నాయంటే చాలు, కువైట్ నుంచో అమెరికా నుంచో మన కావలి, కందుకూరు, కనిగిరి కుర్రాళ్ళు "అన్నా, ఈసారి ఆన్‌లైన్‌లో ఓటెయ్యొచ్చంట కదా" అని మెసేజ్ పెడతారు. వెయ్యలేరు. పోస్టులో లేదు, ఎంబసీలో లేదు, మీ బదులు తమ్ముడు వేసేది అసలే లేదు. విదేశాల్లో ఉన్న మన పౌరులకి 2011 నుంచి ఓటు నమోదు చేసుకునే వీలిచ్చారు, కానీ మనిషి మాత్రం స్వయంగా బూత్‌కి రావాల్సిందే. అందుకే టికెట్ కొనకముందే లిస్టులో పేరు చూసుకోండి. ఇంకో దేశం పౌరసత్వం తీసుకున్నవాళ్ళకి ఓసీఐ కార్డున్నా (భారత మూలాలున్న విదేశీ పౌరులకి మన ప్రభుత్వం ఇచ్చేది) ఓటు లేదు, గ్రీన్‌కార్డు వాళ్ళకి ఉంది.

నింపాల్సింది ఫారం 6ఏ. ఊళ్ళో ఉండేవాళ్ళు పెట్టే ఫారం 6 కాదు, చాలామంది ఇక్కడే పొరబడతారు. ఫొటో, పాస్‌పోర్టు పేజీలు, వీసా పేజీ జతచేసి ఎన్నికల సంఘం పోర్టల్‌లో పెట్టాక, పాస్‌పోర్టులో ఉన్న ఊరి అడ్రసుకి బీఎల్ఓ (బూత్ స్థాయి ఎన్నికల అధికారి) వచ్చి ఇంట్లోవాళ్ళని అడుగుతారు. అమ్మానాన్నలకి ముందే ఫోన్ చేసి చెప్పండి, లేకపోతే ఎవరో వచ్చారని కంగారుపడి "మావాడు ఇక్కడ లేడయ్యా" అని పంపించేస్తారు. నామినేషన్ల చివరి రోజు దాకా పేర్లు ఎక్కిస్తారు గానీ ఈ విచారణకి టైం పడుతుంది, ఆఖరి వారం దాకా ఆగితే టెన్షన్ తప్పదు.

పాత ఓటు ఉందిగా, అదే వేస్తే పోలా అంటారు కొందరు. వద్దు. ఇంట్లో లేని మనిషి పేరు వలసపోయినట్టు రాసి తీసేస్తారు. 2025లో బీహార్‌లో ఓటర్ల జాబితా సవరణ చేసినప్పుడు ముసాయిదా జాబితాలో దాదాపు 65 లక్షల పేర్లు లేవు, అందులో చనిపోయినవాళ్ళతో పాటు వలసపోయారని రాసినవాళ్ళూ చాలామందే. 6ఏ పెట్టేటప్పుడు పాత ఓటరు కార్డు వెనక్కి ఇచ్చెయ్యాలి. ఇంకెక్కడా ఓటు లేదని అబద్ధం రాసిస్తే ఏడాది దాకా జైలు.

పేరు వెతికేటప్పుడు జిల్లా పేరు చూసి తికమకపడొద్దు. కందుకూరు వాళ్ళ పాత పాస్‌పోర్టుల్లో ప్రకాశం అనే ఉంటుంది, 2022లో నెల్లూరులో కలిపారు, 2025 చివర్లో మళ్ళీ ప్రకాశంలోకి మార్చారు, ఎంపీ సీటు మాత్రం 2022కి ముందు నుంచే నెల్లూరు. నియోజకవర్గం పేరుతో వెతకండి, విదేశీ ఓటర్ల పేర్లు జాబితా చివర విడిగా ఉంటాయి.

అన్నిటికన్నా ముఖ్యం పాస్‌పోర్టు. 6ఏ ఓటర్లకి ఓటరు కార్డు ఇవ్వరు, బూత్‌లో చూపించాల్సింది ఒరిజినల్ పాస్‌పోర్టే, జిరాక్స్ పనికిరాదు. ఎలాగూ వస్తున్నాం కదా అని అదే వారం వీసా స్టాంపింగ్ పెట్టుకున్నారనుకోండి, పోలింగ్ రోజుకి పాస్‌పోర్టు కాన్సులేట్‌లో ఉంటుంది, మీరు బూత్ బయట ఉంటారు. స్టాంపింగ్ పోలింగ్ తర్వాతకి జరుపుకోండి. మధ్యలో రెన్యూవల్ అయి నంబరు మారితే ముందే అధికారులకి చెప్పి సరిచేయించుకోండి, పాతదీ వెంట తెచ్చుకోండి.

పొద్దున్నే వెళ్ళండి, మన మే ఎండలు తెలిసినవే. మీ పేరు మీద ఎవరైనా ముందే వేసేసుంటే గొడవ పడకుండా బూత్ బాధ్యత చూసే ప్రిసైడింగ్ ఆఫీసర్‌ని టెండర్ బ్యాలెట్ అడగండి. మీరు మీరేనని తేలితే కాగితం బ్యాలెట్ ఇస్తారు, ఈవీఎం దగ్గరికి పంపరు.