మీ ఇంట్లో బియ్యం బస్తా ఎన్ని రోజులు వస్తుంది?

అన్నం మానేయమని నేను చెప్పను. అనంతపురంలో పుట్టిన మనిషిని ఉగ్గాని, సంగటి, జొన్నరొట్టె వదిలేయమంటే ఎవరు వింటారు? కార్బోహైడ్రేట్లేమీ విషం కాదు, గ్రాముకు 4 కేలరీలు ఇస్తాయి, పప్పులోని ప్రొటీన్ కూడా అంతే ఇస్తుంది. మన తంటా అంతా కంచంలో ఉంది: అన్నం కొండంత, పప్పు గరిటెడు, కూర నంజుకోవడానికి.

ముందు ఒక పని చేయండి. 25 కిలోల బస్తా విప్పిన రోజు క్యాలెండర్ మీద రాసిపెట్టండి, అయిపోయిన రోజూ రాయండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రోజుకు 2000 కేలరీలు చాలే మనిషికి ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు సరిపోతాయి, అదీ వండకముందు తూకం. నలుగురున్న ఇంట్లో బస్తా 20 రోజుల్లో ఖాళీ అయితే తలకు రోజుకు 312 గ్రాములు పడినట్టు, రొట్టెలు, బొరుగులు, రాగిపిండి ఇంకా లెక్కలోకే రాలేదు. మా ఇంట్లో మొదటిసారి 17 రోజులకే అయిపోయింది. బస్తా తక్కువ తూగిందేమో అంది మా ఆవిడ. పొలం పని, కూలి పని చేసేవాళ్లకు ఎక్కువే కావాలి, నేను చెప్పేది నాలాగా కుర్చీలో కూర్చునేవాళ్ల గురించి.

తగ్గించేటప్పుడు ఒకేసారి సగానికి కోయకండి, సాయంత్రం నాలుగింటికి మిక్చర్ పొట్లం విప్పుతారు. బియ్యం కొలిచే గ్లాసును ఒకసారి కాటా మీద పెట్టి ఎంత పడుతుందో తెలుసుకోండి, వారానికి ఇంత అని తగ్గిస్తూ రండి. ఆ ఖాళీలోకి గట్టిగా చేసిన ఆకుకూర పప్పు, ఒక గిన్నెడు కూర రావాలి. పప్పు దినుసులు రోజుకు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు అని ఆ సంస్థే చెప్పింది. ఉర్లగడ్డ వేపుడు మాత్రం కూర కింద జమ వేయకండి, అది అన్నంలో అన్నం కలుపుకున్నట్టే.

ఇక సంగటి. షుగర్ ఉన్నవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. రాగుల్లో 100 గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది, పీచు ఉంది, మంచిదే, కానీ పిండిపదార్థం కూడా 65 గ్రాములకు పైనే, పైగా మనం అందులో బియ్యమో నూకలో వేసే ఉడికిస్తాం కదా! రాగులు మంచివన్నారని మా నాయన రాత్రికి మూడు ముద్దలు లాగించేవాడు, తిన్న రెండు గంటలకు షుగర్ చూస్తే 260. ముద్ద ఒకటిన్నరకు దించి, ముందు గోరుచిక్కుడు కూర, పప్పు తినిపించి, ఆ తర్వాతే సంగటి పెట్టి, పావుగంట మిద్దె మీద నడిపిస్తే 180 దగ్గర ఆగింది. కూర, పప్పు ముందు కడుపులో పడితే పిండిపదార్థం నెమ్మదిగా రక్తంలోకి దిగుతుంది, అంతే సంగతి. కొర్రలు, జొన్నలకూ ఇదే వర్తిస్తుంది. రాగి మాల్ట్‌లో బెల్లం వేసుకుని చక్కెర మానేశామనుకోకండి, బెల్లమూ చక్కెరే.

ఉగ్గాని ఆదివారం తినండి. బొరుగులు తొందరగా అరిగి షుగర్ లేపుతాయి కాబట్టి పుట్నాల పొడి రెట్టింపు వేసి, గుప్పెడు చెనిక్కాయ గింజలు కలపండి, నాలుగు బజ్జీలకు బదులు ఒక బజ్జీ, ఒక ఉడికిన గుడ్డు. బజ్జీ లేని ఉగ్గాని ఉగ్గాని కాదని నాకూ తెలుసు.

ఇన్సులిన్ గానీ షుగర్ మాత్రలు గానీ వాడేవాళ్లు ఇదంతా సొంతంగా మొదలుపెట్టొద్దు. మందు డోసు అలాగే ఉంచి అన్నం తగ్గిస్తే షుగర్ పడిపోయి చెమటలు, వణుకు రావచ్చు, ముందు డాక్టర్‌తో మాట్లాడండి, జేబులో ఎప్పుడూ కాస్త చక్కెర ఉంచుకోండి.