ఇంటి దగ్గర డీజిల్ బండి – 4వ పాఠం: డీపీఎఫ్ ఎప్పుడు కడగాలి, ఎలా కడగాలి

మూడో పాఠంలో స్కానర్ (బండికి తగిలిస్తే ఇంజన్ కంప్యూటరు లెక్కల్ని ఫోనులో చూపించే పరికరం) పెట్టి రీడింగులు రాసుకోవడం నేర్చుకున్నాం. ఆ కాగితం పక్కన పెట్టుకోండి. ఈ పాఠానికి అందులో రెండు అంకెలు చాలు. ఒకటి డీపీఎఫ్‌లో, అంటే డీజిల్ పొగలోని మసిని పట్టే ఫిల్టరులో, మసి ఎన్ని గ్రాములుందో చెప్పేది, రెండోది ఫిల్టరుకి ముందూ వెనకా పీడనంలో తేడా ఎంతుందో చెప్పేది.

డీపీఎఫ్ లైటు వెలగ్గానే చాలామందికి టెన్షన్ పట్టుకుంటుంది, వెంటనే ఊడదీసి కడిగించాలంటారు. చాలాసార్లు అరగంట హైవే మీద తోలితే సరిపోతుంది. అందుకే ఈ పాఠంలో సగం, కడగనక్కర్లేని బండిని గుర్తుపట్టడం గురించే.

ఫిల్టరు లోపల ఉండేది సిలికాన్ కార్బైడ్ లేదా కార్డియరైట్ అనే సెరామిక్ దిమ్మ. దాంట్లో ఆ చివర నుంచి ఈ చివరికి సన్నని దారులు ఒత్తుగా ఉంటాయి. ఒక దారి ముందు తెరిచి వెనక మూసి ఉంటే, దాని పక్కది ముందు మూసి వెనక తెరిచి ఉంటుంది. ముందు నుంచి దూరిన పొగకి తిన్నగా బయటపడే వీల్లేదు. కొత్త కుండలో నీళ్లు గోడలోంచి ఊరినట్టు, దారికీ దారికీ మధ్య ఉన్న గోడలోంచి దూరి పక్క దారిలోకి వెళ్లాలి. మసి మాత్రం గోడకి ఇవతలే మిగిలిపోతుంది. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక డీజిల్ కార్లకి ఇది మామూలైపోయింది. అప్పుడే డీజిల్‌లో గంధకాన్ని కూడా 50 పీపీఎం (పది లక్షల పాళ్లలో 50 పాళ్లు) నుంచి 10 పీపీఎంకి దించారు.

ఆ మసిని బండే కాల్చుకుంటుంది. హైవే మీద నిలకడగా పోతున్నప్పుడు సైలెన్సర్ వేడికి కొంత దానంతటదే కాలుతూ ఉంటుంది. అది చాలకపోతే ఇంజన్ కంప్యూటరు అదనంగా డీజిల్ చిమ్మి, ఫిల్టరు వేడిని 600 డిగ్రీల దాకా తీసుకెళ్లి కాలుస్తుంది. దీన్నే రీజనరేషన్ అంటారు, షెడ్లలో 'రీజన్' అనేస్తారు. శ్రీకాకుళంలో అరసవల్లి నుంచి ఏడు రోడ్ల జంక్షన్‌కి, విజయనగరంలో కోట దగ్గర నుంచి గంటస్తంభానికి మాత్రమే తిరిగే బండికి ఇంజన్ వేడెక్కేలోపే ప్రయాణం అయిపోతుంది. రీజన్ మొదలవడమే కష్టం, మొదలైనా మధ్యలో మనమే తాళం తిప్పి ఆపేస్తాం.

మసి కాలితే పోతుంది. బూడిద అలా పోదు. ఇంజన్ ఆయిల్‌లో కలిపే కాల్షియం, జింకు, మెగ్నీషియం మందులు కాలగా మిగిలేది ఈ బూడిద. ఎంత వేడి చేసినా అది ఉన్నచోటే ఉంటుంది. కడగడం అసలు దీనికోసమే. ట్యాంకులో పోసే డీపీఎఫ్ మందులు మసి తేలిగ్గా కాలడానికి సాయపడతాయేమో గానీ బూడిద జోలికి పోలేవు. సీసా మీద ఏం రాసి ఉన్నా నమ్మకండి. (యాడ్‌బ్లూ వేరే సంగతి. అది యూరియా నీళ్లు, దానికి వేరే ట్యాంకుంటుంది. డీజిల్ ట్యాంకులో పోస్తే పంపు నుంచి ఇంజెక్టర్ల దాకా పాడైపోతాయి.)

ఇప్పుడు కాగితం చూడండి. తాళం తిప్పి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా చూసినప్పుడు పీడనం తేడా సున్నా దగ్గర ఉండాలి. లేదంటే సెన్సరు అబద్ధం చెబుతోంది. ఫిల్టరు నుంచి ఆ సెన్సరుకి సన్నని గొట్టాలు వెళ్తాయి. అవి వేడికి పగిలినా, ఊడినా, మసితో మూసుకుపోయినా మంచి ఫిల్టరు కూడా నిండిపోయినట్టు కనిపించొచ్చు. తక్కువ డబ్బుతో పోయే జబ్బు ఇది, ముందు ఇదే చూడండి.

తర్వాత బండి వెనక్కి వెళ్లి, సైలెన్సర్ చివర లోపలి అంచుని తెల్లగుడ్డతో తుడవండి. ఫిల్టరు బాగుంటే గుడ్డకి పెద్దగా ఏమీ అంటదు. నల్లగా మసి అంటుకుంటే లోపలి దిమ్మ పగిలి పొగ అడ్డదారిన పోతోందన్నమాట. అలాంటి ఫిల్టరుని ఎంత కడిగినా దండగే.

ఈ రెండూ సరిగా ఉంటే బండిని హైవే ఎక్కించండి. ముందుగా డిప్‌స్టిక్ తీసి ఆయిల్ చూడాలి. రీజన్ మధ్యలో మాటిమాటికీ ఆగిపోతే, చిమ్మిన డీజిల్‌లో కొంత ఆయిల్‌లోకి దిగుతుంది. ఆయిల్ మట్టం పై గీత దాటి, డీజిల్ వాసన వేస్తుంటే బండి కదపొద్దు, ఆయిల్ మార్చాకే మిగతా పని. ట్యాంకులో డీజిల్ బాగా తక్కువగా ఉన్నా, చెక్ ఇంజన్ లైటు వెలుగుతున్నా చాలా బళ్లు రీజన్ మొదలుపెట్టవు.

శ్రీకాకుళం వాళ్లు నరసన్నపేట మీదుగా టెక్కలి వైపు, విజయనగరం వాళ్లు నాతవలస దగ్గర పదహారో నంబరు హైవే ఎక్కి వెళ్లొచ్చు. గేరు ఒకటి తగ్గించి, ఇంజన్ నిమిషానికి 2,000 నుంచి 2,500 చుట్ల మధ్య ఉండేలా, గంటకి 60 నుంచి 80 కిలోమీటర్ల వేగంతో 20, 30 నిమిషాలు ఆగకుండా తోలండి. పక్కన ఒకరిని కూర్చోబెట్టి ఫోనులో రీడింగులు చూడమనండి, తోలేవాళ్లు చూడకూడదు.

ఒక్క జాగ్రత్త ఉంది, మన వైపు ఇది మరీ ముఖ్యం. కోతల రోజుల్లో పల్లె రోడ్ల మీద ఎండుగడ్డి, మినప కట్టె, ఉలవ కట్టె పరిచి బళ్ల చక్రాలతోనే నూర్పిళ్లు కానిచ్చేస్తుంటారు. రీజన్ జరుగుతున్న బండి కింద సైలెన్సర్ విపరీతంగా కాగి ఉంటుంది. గడ్డి దానికి చుట్టుకుంటే అంటుకోవడానికి ఎంతోసేపు పట్టదు. ఆ రోడ్లు వదిలేయండి. కళ్లంలోనో, ఎండుగడ్డి మీదో బండి ఆపకండి.

తిరిగొచ్చాక మళ్లీ చూడండి. మసి గ్రాములు బాగా తగ్గి, పీడనం తేడా కూడా పడిపోతే పని అయిపోయింది, ఈ పాఠంలో మిగతాది మీకు అక్కర్లేదు. మసి గ్రాములు తగ్గకపోతే రీజన్ జరగడం లేదని అర్థం. కారే ఇంజెక్టరు, ఇరుక్కున్న ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే వాల్వు), ఆయిల్ వదులుతున్న టర్బో (ఇంజన్‌లోకి గాలి నెట్టే భాగం), మూసుకోని థర్మోస్టాట్ (ఇంజన్ వేడిని అదుపులో ఉంచే వాల్వు), వీటిలో ఏదో ఒకటి వెనక ఉండొచ్చు. అది తేలకుండా ఫిల్టరు కడిగితే కొన్నాళ్లకి మళ్లీ ఇక్కడికే వస్తారు. మసి తగ్గినా పీడనం తేడా తగ్గలేదంటే అది బూడిద. అప్పుడే పానా పట్టుకోండి.

ఫిల్టరు టర్బోకి ఆనుకుని ఇంజన్ వెనక ఇరుకులో ఉంటే ఇంట్లో ఊడదీయొద్దు, షెడ్డుకి ఇచ్చేయండి. బండి కింద ఉండే రకమే మన పాఠానికి. రాత్రంతా చల్లారనిచ్చి, బండిని జాకీ మీద కాకుండా స్టాండ్ల మీద నిలబెట్టాలి. కళింగపట్నం, భావనపాడు లాంటి తీరం ఊళ్లలో ఉప్పుగాలికి సైలెన్సర్ బోల్టులు తుప్పుతో బిగుసుకుపోతాయి. తుప్పు వదిలే నూనె ముందురోజే కొట్టి నాననివ్వండి, బలంకొద్దీ తిప్పితే విరిగేది బోల్టే. బ్యాటరీ తీగ తీసేసి, వేడి సెన్సర్లనీ పీడనం గొట్టాలనీ విప్పేయాలి. విప్పే ముందు ఏది ఎక్కడుందో ఫొటో తీసుకోండి. మాస్కు, చేతి తొడుగులు తప్పనిసరి. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చింది. ఆ పొగలోని మసే ఇప్పుడు మీ చేతుల్లో ఉంది.

ఊడదీసిన ఫిల్టరుని కిరాణా కొట్టు కాటా మీద తూచి బరువు రాసుకోండి. టార్చి వేసి చూస్తే అవతలికి వెలుగు రాదు. కంగారు పడకండి, దారులు ఒక వైపు మూసి ఉంటాయి కాబట్టి రాకూడదు కూడా. ఎక్కడైనా వెలుగు సూటిగా వస్తే అక్కడ దిమ్మ పోయినట్టే.

కడగడానికి డీపీఎఫ్ కోసమే అమ్మే, నీళ్లలో కలిసే ద్రావణం వాడండి. బాత్రూం యాసిడ్ వద్దు, లోపల పూసిన ప్లాటినం లాంటి లోహాల పూత పాడవుతుంది. కిరోసిన్, పెట్రోలు అసలే వద్దు. గోడ రంధ్రాల్లో మిగిలింది తర్వాత వేడికి అంటుకుని దిమ్మ కరిగిపోయే ప్రమాదం ఉంది. ద్రావణంలో ఎంతసేపు నానబెట్టాలో సీసా మీద ఉన్నట్టే చేయండి.

ఇక నీళ్లు పెట్టే దిక్కు. బూడిద పేరుకునేది పొగ వచ్చే వైపు దారుల్లో. కాబట్టి ఆ ముఖం కిందికి పెట్టి, పొగ వెళ్లిపోయే ముఖం పైకి ఉంచి, పైనుంచి మెల్లగా పోయాలి. మొక్కలకి పట్టే గొట్టం చాలు, దాని మూతి కూడా నొక్కొద్దు. వాటర్ సర్వీసింగ్‌లో బళ్లు కడిగే ప్రెషర్ పంపు పెడితే దిమ్మ బీటలు వారుతుంది. కింద కారే నీళ్లు తేటపడే దాకా పోస్తూనే ఉండాలి, ఓపిక కావాలి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే చివరి విడత మాత్రం వాన నీళ్లతోనో, ఫిల్టరు నీళ్లతోనో కానివ్వండి. లేకపోతే ఒక తెల్లపొర తీసి ఇంకో తెల్లపొర పూసినట్టవుతుంది.

ఆ నల్లనీళ్లు తొట్టెలో పట్టండి. గెడ్డలోకీ, చెరువులోకీ, పొలంలోకీ వదలొద్దు. బురద కిందికి దిగాక మూతున్న డబ్బాలోకి ఎత్తి, పాత ఇంజన్ ఆయిల్ తీసుకునే చోట ఇచ్చేయండి.

ఆరబెట్టేటప్పుడు తొందర పనికిరాదు. ఎండలో నిలబెట్టి, నీడ వచ్చాక ఫ్యాను పెట్టండి. ఆరిందో లేదో చేత్తో తడిమితే తెలియదు, కాటా మీద తెలుస్తుంది. రోజూ తూచండి. బరువు తగ్గడం ఆగిందంటే ఆరినట్టు. తడి ఉండగా బిగిస్తే లోపలి నీళ్లు ఒక్కసారిగా ఆవిరై సెరామిక్‌ని పగలగొట్టొచ్చు. మొదటి బరువుకీ చివరి బరువుకీ తేడా కొన్ని పదుల గ్రాములుంటే బూడిద బయటికి వచ్చిందన్నమాట. తేడా ఏమీ లేకపోతే దాన్ని మళ్లీ కడగకండి, ఓవెన్‌లో కాల్చి గాలితో ఊదే యంత్రం ఉన్న షెడ్డుకి పంపండి.

ఇంత గొడవెందుకు, లోపలిది గుల్ల చేసేస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద అది అనుమతి లేని మార్పు, పైగా ఆ పొగ పీల్చేది మీ వీధి పిల్లలే.

ఐదో పాఠంలో కొత్త గ్యాస్కెట్‌తో బిగించడం, స్కానర్‌తో బూడిద లెక్కని సున్నా చేయడం చూద్దాం. ఈలోగా మీ బండి మాన్యువల్ తీసి ఆయిల్ గ్రేడు చూడండి. డీపీఎఫ్ ఉన్న కార్లకి తక్కువ బూడిదనిచ్చే ఏసీఈఏ (యూరప్ కార్ల తయారీదారుల సంఘం) సీ2, సీ3 లాంటి గ్రేడు అడుగుతారు. కిందటిసారి పోయించిన డబ్బా మీద ఏముందో దాంతో పోల్చి, రెండూ కాగితం మీద రాసి ఉంచండి.