బరువుల సాధన – 4వ పాఠం: ఆదివారాన్ని కూడా పట్టికలో రాయండి

గత పాఠం తరువాత నాకు అందిన వారపు పట్టికలలో ఎక్కువ భాగం ఒకే తీరుగా ఉన్నాయి: స్క్వాట్ (భుజాలపై బార్‌తో కూర్చుని లేవడం), బెంచ్ ప్రెస్ (బెంచీపై పడుకుని బార్‌ను పైకి నెట్టడం), డెడ్‌లిఫ్ట్ (నేలమీది బార్‌ను ఎత్తి నిటారుగా నిలబడడం) మూడింటి పక్కనా ‘ప్రధానం’ అని రాసి ఉంది. అన్నీ ప్రధానమైనప్పుడు దేనికోసం దేన్ని తగ్గించుకోవాలో ఆ పట్టిక చెప్పలేదు. అందుచేత కొత్త లిఫ్టులను, అంటే బరువులెత్తే వ్యాయామాలను, వచ్చే పాఠానికి వాయిదా వేసి, ఈసారి ఆ పట్టికనే సరిచేసుకుందాం.

ఎనిమిది వారాలకు ఒక్క లిఫ్టునే ఎంచుకోండి. కొత్తవారు ఎవరు అడిగినా నేను స్క్వాట్‌నే సూచిస్తాను. సోమవారం వార్మప్ కాగానే మొదట చేయవలసింది అదే: ఐదేసి రెప్స్‌తో ఐదు సెట్లు, అంటే వరుసగా ఐదుసార్లు చేసి విశ్రాంతి తీసుకుంటూ, అలా ఐదు విడతలు. బుధవారం బెంచ్ ప్రెస్, తరువాత బార్‌బెల్ రో (ముందుకు వంగి బార్‌ను పొట్టవైపు లాగడం). శుక్రవారం సోమవారపు బరువులో 80 శాతంతో మూడు సెట్ల స్క్వాట్, ఆపైన డెడ్‌లిఫ్ట్ ఒకే ఒక్క బరువైన సెట్. సోమవారం 60 కిలోలతో చేసినవారికి శుక్రవారం 48 కావాలి. 20 కిలోల బార్‌కు ఒక్కోవైపు 10, 2.5, 1.25 ప్లేట్లు వేస్తే 47.5 వస్తుంది, అది చాలు. లెగ్ ఎక్స్‌టెన్షన్ (మెషీన్‌పై కూర్చుని మోకాళ్ళు చాపడం) వంటివి ఓపిక మిగిలితే చివర్లో చేయండి. నా పట్టికలో వాటికి చోటుండదు.

ఇక అసలు చిక్కు ఆదివారంతోనే. సెలవు కదా అని డెడ్‌లిఫ్ట్‌ను ఆదివారానికి జరిపినవారు, సోమవారం మూడో సెట్‌లోనే నడుము ముందుకు వంగిపోతోందని, ప్రోగ్రామ్ తమకు సరిపడలేదని రాశారు. వెన్ను వెంబడి ఉండే కండరాలు, పిరుదులు, తొడలు రెండు లిఫ్టులలోనూ పనిచేస్తాయి. ముందురోజు అలసిన వెన్ను మరునాడు బార్‌ను నిలబెట్టలేకపోవడంలో వింత లేదు. జిమ్‌లో చేసినది మాత్రమే శ్రమ అనుకోవద్దు. ఎండలో రోజంతా ఆడిన క్రికెట్ కూడా లెక్కే. శనివారం అలిపిరి నుంచి దాదాపు 3,550 మెట్లెక్కి, తిరిగి మెట్ల దారినే దిగి వచ్చినవారి తొడలు సోమవారానికి ఇంకా పట్టేసే ఉంటాయి, ఎందుకంటే దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువును ఆపవలసి వస్తుంది. అటువంటి వారంలో బరువైన స్క్వాట్‌ను బుధవారానికి, బెంచ్‌ను సోమవారానికి మార్చుకోండి. ప్రధాన లిఫ్టుకు ముందు 48 గంటలు కాళ్ళకూ నడుముకూ పెద్ద పని పడకూడదన్నది తప్పనిసరి. అది ఏ రోజు అన్నది మీ వీలు.

అభ్యాసం: ఐదు సెట్లూ పూర్తయ్యాక కూడా ఇంకా రెండు రెప్స్ చేయగలమనిపించే బరువుతో మొదలుపెట్టి, వారానికి 2.5 కిలోల చొప్పున ఎనిమిది వారాల బరువులనూ ఈరోజే రాసుకోండి. 60తో మొదలైతే ఎనిమిదో వారానికి 77.5 అవుతుంది. ప్రతి బరువైన సెట్‌నూ పక్కనుంచి వీడియో తీయండి. ప్రతి స్క్వాట్ రోజుకు ముందు 48 గంటలలో చేసిన శ్రమనంతా, ఇంట్లో మోసిన గ్యాస్ సిలిండర్‌తో సహా, ఆ బరువు పక్కనే నమోదు చేయండి. ఏ వారమైనా రాసుకున్న బరువు ఎత్తలేక ఆగిపోతే బరువు తగ్గించే ముందు ఆ నమోదు చూడండి.