ఓపెన్‌ఎంఆర్‌ఎస్ రెస్ట్ సర్వీసు: పొద్దున తిరస్కరించి మధ్యాహ్నం ఒప్పుకుంటుంటే ఎక్కడ చూడాలి

రోగుల రికార్డులు దాచే ఓపెన్‌ఎంఆర్‌ఎస్ సాఫ్ట్‌వేరును గానీ, దాని మీద కట్టిన ఆస్పత్రి వ్యవస్థ బాహ్మ్నిని గానీ నడుపుతూ, సొంత రిజిస్ట్రేషన్ యాప్‌నో ల్యాబ్ సాఫ్ట్‌వేరునో దాని రెస్ట్ సర్వీసుకు (వేరే సాఫ్ట్‌వేర్లు డేటా పంపుకునే, తెచ్చుకునే దారి) కలిపినవారి కోసం ఇది రాస్తున్నాను. మాడ్యూల్ ఎక్కించడం, జేసన్ రూపంలో డేటా పంపడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. హైదరాబాదులో చిన్న ఆస్పత్రులు, నర్సింగ్ హోముల నుంచి నాకు వచ్చే ఫోన్లన్నీ "సర్వీసు పనిచేయడం లేదండీ" అనే మొదలవుతాయి. సర్వరు నుంచి ఏ కోడ్ (200 అంటే సరే, 400ల్లో ఉంటే తిరస్కరణ) వచ్చిందని అడిగితే మాత్రం జవాబు ఉండదు. ఫోను చేసే ముందు ఆ కోడ్‌ను, దాని కింద ఉన్న సందేశాన్ని దయచేసి ఒక్కసారి చదవండి.

లక్షణం: 401, 403, 404

401 అంటే లాగిన్ కుదరలేదని. ముందు, లాగిన్ అయ్యారో లేదో చెప్పే సెషన్ చిరునామాను పిలవండి. బ్రౌజరులో కాదు. బ్రౌజరులో మీరు అప్పటికే అడ్మిన్‌గా లాగిన్ అయి ఉంటారు, ఆ కుకీ పుణ్యమా అని అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. యాప్ వాడే యూజరు పేరు, పాస్‌వర్డు ఇచ్చి కమాండ్ లైనులో కర్ల్‌తో పిలవండి. 200 వచ్చిందని సంబరపడవద్దు. లోపల 'అథెంటికేటెడ్' ఎదురుగా 'ట్రూ' ఉందో 'ఫాల్స్' ఉందో చూడండి. పాస్‌వర్డు తప్పయినా 200 తో పాటు 'ఫాల్స్' రావచ్చు.

సెషన్ బాగానే ఉండి ఫలానా పని దగ్గరే 403 వస్తుంటే ఆ యూజరు పాత్రకు ఆ ప్రివిలేజ్ (ఆ పని చేసే అనుమతి) ఇవ్వలేదన్నమాట. కావలసిన ప్రివిలేజ్ పేరు చాలాసార్లు సందేశంలోనే ఉంటుంది. దాన్ని చదవకుండా యూజరుకు సూపర్ యూజరు పాత్ర ఇచ్చి చేతులు దులుపుకోవడం పరిష్కారం కాదు, అవి రోగుల రికార్డులు. ఏది పిలిచినా 403 వస్తుంటే, అనుమతించిన ఐపీల జాబితా పెట్టే గ్లోబల్ ప్రాపర్టీలో (సర్వరు మొత్తానికి వర్తించే సెట్టింగు) ఎవరో పాత ఐపీ రాసి వదిలేశారేమో చూడండి.

404 వస్తే రెస్ట్ మాడ్యూల్ మొదలవలేదు, లేదా చిరునామా తప్పు. మాడ్యూళ్ల పేజీ తెరిస్తే తేలిపోతుంది.

లక్షణం: రోగులు మాయమవుతున్నారు

ఎవరూ మాయం కాలేదు. జాబితా అడిగితే సర్వీసు మామూలుగా 50 వరుసలే ఇస్తుంది. 'లిమిట్' పెంచినా, సెట్టింగు మార్చకపోతే 100 దాటనివ్వదు. జవాబు చివర 'నెక్స్ట్' లింకు ఉంటే ఇంకా ఉన్నాయని అర్థం, దాన్ని పట్టుకుని వెళ్లండి.

లక్షణం: అదే డేటా పొద్దున 400, మధ్యాహ్నం విజయం

అసలు చెప్పదలచుకున్నది దీని గురించి. పొద్దున తొమ్మిదింటికి ఓపీలో చూసిన రోగి ఎన్‌కౌంటర్‌ను, అంటే ఆ ఒక్కసారి చూసిన వివరాల రికార్డును, పంపితే సర్వరు తిరస్కరిస్తుంది. మూడింటికి అదే జేసన్‌ను అక్షరం మార్చకుండా పంపితే తీసుకుంటుంది. దాంతో పొద్దున రద్దీ వల్ల సర్వరు అలసిపోతోందని ఒకరు, నెట్ బాగాలేదని మరొకరు తీర్మానించేస్తారు. నాకు తెలిసిన ఒక నర్సింగ్ హోములో ఇదే సమస్యకు ర్యామ్ పెంచి, నెట్ కనెక్షన్ కూడా మార్చారు. తిరస్కరించినప్పుడు వచ్చిన సందేశం ఎన్‌కౌంటర్ సమయం భవిష్యత్తులో ఉండకూడదని స్పష్టంగా చెబుతూనే ఉంది.

కారణం టైమ్‌జోన్. మీ యాప్ సమయాన్ని 09:00 అని మాత్రమే పంపుతోంది, వెనకాల మన టైమ్‌జోన్‌ను చెప్పే +0530 లేదు. సర్వీసు దాన్నీ ఒప్పుకుంటుంది, కాకపోతే సర్వరు జావా ఏ టైమ్‌జోన్‌లో నడుస్తోందో ఆ లెక్కన చదువుకుంటుంది. అది యూటీసీ (మనకు అయిదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయం) అయితే మీ తొమ్మిది గంటలు మన గడియారంలో మధ్యాహ్నం 2:30 అవుతుంది. అందుకే 2:30 దాటేదాకా అది సర్వరు దృష్టిలో భవిష్యత్తు.

తిరస్కరించినవి కనీసం కనబడతాయి. తీసుకున్నవాటితోనే అసలు నష్టం. అవన్నీ అయిదున్నర గంటలు ముందుకు జరిగి కూర్చుంటాయి. సాయంత్రం ఏడింటి ఓపీని రాత్రి సింక్‌లో పెట్టి మర్నాడు పంపితే, అది మర్నాటి 00:30 గంటల రికార్డు అవుతుంది. సర్వరు సొంత తెర మీద చూస్తే 19:00 అనే ఉంటుంది, ఎందుకంటే ఆ తెర కూడా యూటీసీలోనే చూపిస్తోంది. తప్పు బయటపడేది ల్యాబ్ సాఫ్ట్‌వేరు దాన్ని తీసుకుని మన సమయానికి మార్చుకున్నప్పుడు. అప్పుడేమో అందరూ ల్యాబ్ వాళ్ల మీద పడతారు.

ప్రసూతి ఆస్పత్రుల్లో దీని మరో రూపం చూశాను. అర్ధరాత్రి దాటాక పుట్టిన బిడ్డను ఆ రోజు తేదీతో నమోదు చేయబోతే పుట్టినతేదీ భవిష్యత్తులో ఉందని తిరస్కరిస్తుంది. ఉదయం 5:30 దాటాక మామూలుగా నమోదవుతుంది. యూటీసీలో ఇంకా నిన్నటి తేదీయే నడుస్తోంది మరి.

పట్టుకోవడానికి నిమిషం చాలు. సర్వీసు నుంచి ఏదైనా ఒక ఎన్‌కౌంటర్ తెప్పించి, సమయం చివరి నాలుగు అంకెలు చూడండి. +0000 ఉంటే సర్వరు యూటీసీలో ఉంది. సర్వరు మీద డేట్ కమాండ్ కొట్టి "ఐఎస్‌టీ అనే వస్తోంది" అని చెప్పకండి. మీరు చూసింది బయటి మెషీన్ గడియారం, ఓపెన్‌ఎంఆర్‌ఎస్ నడిచేది డాకర్ కంటెయినర్ లోపల, అంటే ఆ మెషీన్‌లోనే విడిగా కట్టిన పెట్టెలాంటి దానిలో. కంటెయినర్ విడిగా చెప్పకపోతే యూటీసీలోనే ఉంటుంది. సర్వరు హైదరాబాదులోని డేటా సెంటరులోనే ఉన్నా అంతే.

మొదటి పని యాప్‌లో. ప్రతి సమయం వెనక +0530 పంపండి. పుట్టినతేదీకి మాత్రం సమయం జోడించవద్దు, 1985-06-12 లాగా తేదీ ఒక్కటే పంపండి. జావాస్క్రిప్ట్‌లో అర్ధరాత్రి సమయంగా పట్టుకున్న తేదీని ఐఎస్ఓ రూపంలోకి మారిస్తే అది 11వ తేదీ 18:30 అయిపోతుంది, యూటీసీ సర్వరులో ఆ రోగి ఒకరోజు ముందే పుట్టేస్తాడు. ఇంకొకటి: సమయాన్ని యూఆర్‌ఎల్‌లో పంపేటప్పుడు ప్లస్ గుర్తును %2B గా మార్చాలి. లేకపోతే అది ఖాళీగా మారి తేదీ చదవడమే కుదరదు.

ఎన్‌కౌంటర్లకు ఇది చాలు. నవజాత శిశువుల సమస్య పోవాలంటే సర్వరు జావాకు, కంటెయినర్‌కు, డేటాబేసు మైఎస్‌క్యూఎల్‌కు మూడింటికీ ఏషియా/కోల్‌కతా పెట్టాలి. ఒకటి మార్చి రెండు వదిలేస్తే కొత్త చిక్కు మొదలవుతుంది.

పాత డేటా ఉన్న సర్వరులో మాత్రం తొందరపడవద్దు. మైఎస్‌క్యూఎల్‌లో ఆ కాలమ్‌లు టైమ్‌జోన్ లేని ఉత్త సమయాన్నే దాచుకుంటాయి. జోన్ మార్చగానే, +0530 తో సరిగా పంపిన పాత రికార్డులు అయిదున్నర గంటలు వెనక్కి కనిపిస్తాయి. జోన్ లేకుండా తప్పుగా పంపినవి తమంతట తామే సరైనట్టు కనిపిస్తాయి. రెండూ కలిసిపోయి ఉన్నచోట ఏ యూజరు సృష్టించాడన్న కాలమ్‌ను బట్టి విడదీయండి. యాప్‌కు విడిగా ఒక యూజరును పెట్టుకున్నవారికి ఈ పని తేలిక. బ్యాకప్ తీసి, దాని నకలు మీద సరిచేసి చూసుకున్నాకే అసలు డేటాబేసును ముట్టుకోండి.

మిగతావి

రోగి ఐడీ చెల్లదంటే, చెక్ డిజిట్ (తప్పు పట్టడానికి చేర్చే అంకె) ఉండే ఐడీని ఎవరో చేత్తో తయారుచేశారన్నమాట. ఐడీలు తయారుచేసే ఐడీజెన్ మాడ్యూల్ నుంచి తీసుకోండి. ఎన్‌కౌంటర్ విజిట్ (రోగి వచ్చి వెళ్లే దాకా ఉన్న కాలం) గడువు దాటిందంటే విజిట్‌ను ముందే మూసేశారేమో చూడండి, అదీ కాకపోతే మళ్లీ టైమ్‌జోనే. బ్రౌజరు యాప్‌లో కార్స్ తప్పు (వేరే చిరునామాకు వెళ్లే పిలుపును బ్రౌజరు ఆపేయడం) వస్తే సర్వీసును తిట్టకుండా ముందున్న ప్రాక్సీ సెట్టింగులు చూడండి. మెమరీ చాలక సర్వరు పడిపోవడం కూడా ఉంటుంది గానీ, అది మధ్యాహ్నం రెండున్నర చూసుకుని బాగుపడదు.