బరువు తగ్గించే ఆపరేషన్, ఉపవాస దీక్ష: ఆకలి లేదు కదా అని మోసపోవద్దు

బరువు తగ్గించే ఆపరేషన్ చేయించుకుని రెండు నెలలు కూడా నిండని ఒక మహిళ, దీక్ష మధ్యలో, ఎదుటి వస్తువులు రెండుగా కనబడుతున్నాయని, అడుగు వేస్తే తూలిపోతున్నానని చెబుతూ ఆసుపత్రిలో చేరిన సంగతి ఈమధ్యే తెలిసింది. అంతకుముందు చాలా రోజులుగా ఆమెకు వాంతులవుతున్నాయి. ఇంట్లోవారు దాన్ని ఉపవాసపు నీరసం అనుకున్నారు. నిజానికి అది థయమిన్ అనే బి1 విటమిన్ పూర్తిగా అడుగంటడం వల్ల మెదడుకు కలిగే హాని. శరీరంలో ఈ విటమిన్ నిల్వ రెండు మూడు వారాలకు మించి ఉండదు. సకాలంలో సూది మందు పడకపోతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినవచ్చు. ఉపవాసాల కాలం దగ్గరపడుతోంది కనుక, ఆపరేషన్ చేయించుకున్నవారు, చేయించుకోవాలనుకుంటున్నవారు గమనించవలసిన విషయాలను రాస్తున్నాను. బరువు ఎందుకు తగ్గాలి, ఆపరేషన్ ఎవరికి అవసరం అన్న చర్చ ఎక్కడైనా దొరుకుతుంది కనుక దాని జోలికి పోవడం లేదు.

అసలు పొరపాటు

ఈ ఆపరేషన్లలో ఒకటైన స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయంలో దాదాపు 75 నుంచి 80 శాతం భాగాన్ని తొలగిస్తారు. ఆకలిని పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది ఆ తొలగించిన భాగంలోనే. అందువల్ల ఆపరేషన్ తరువాత కొన్ని నెలలపాటు చాలామందికి ఆకలి అన్నదే తెలియదు. జీవితమంతా ఒక పూట ఉపవాసం కూడా ఉండలేక సిగ్గుపడిన భక్తునికి, ఇప్పుడు రోజంతా ఏమీ తినకుండా ఉండగలగడం దైవానుగ్రహంలా తోస్తుంది. మొక్కులు గుర్తుకొస్తాయి, పాత బాకీలన్నీ ఒక్కసారిగా తీర్చుకోవాలనిపిస్తుంది. మనుషులను ముంచుతున్న పొరపాటు ఇదే. ఆకలి లేకపోవడం ఉపవాసానికి అనుమతి కాదు. ఆకలి ఆగింది గాని, రోజుకు 60 నుంచి 80 గ్రాముల మాంసకృత్తులు, కనీసం లీటరున్నర నీరు కావాలన్న శరీర అవసరం ఆగలేదు. పైగా ఆ లీటరున్నర నీటిని ఒక్కసారిగా తాగే వీలు లేదు. బైపాస్ అనే మరో పద్ధతిలో కడుపు పైభాగాన్ని చిన్న సంచిగా విడదీసి నేరుగా పేగుకు కలుపుతారు. అలా బైపాస్ చేసినవారికి మిగిలే సంచి పరిమాణం సుమారు 30 మిల్లీలీటర్లు, అందులోకి గుక్కలు గుక్కలుగా రోజంతా పంపితే తప్ప సరిపోదు. పగలంతా నీరు ముట్టకుండా ఉండి రాత్రి రెండు మూడు గంటల్లో లోటు పూడ్చుకుందామనుకుంటే, పూడ్చుకోవడానికి కడుపులో చోటు లేదు.

దీని వెంటే రెండో చిక్కు వస్తుంది. జబ్బుపడినవారికి ఉపవాసం నుంచి మినహాయింపు ఇవ్వని మతం దాదాపు లేదు. ఖురాన్ రెండవ అధ్యాయంలోని 184, 185 వచనాలు రోగులకు, ప్రయాణికులకు వెసులుబాటు కల్పిస్తున్నాయి. యూదు ధర్మంలో ప్రాణరక్షణ ముందర ఉపవాస నియమం నిలవదు. కాథలిక్కుల ఉపవాస నియమం 18 నుంచి 59 ఏళ్ల మధ్యవారికే వర్తిస్తుంది, అందులోనూ ఆరోగ్యం బాగాలేనివారికి అది వర్తించదు. అయితే ఆపరేషన్ చేయించుకున్న మనిషి తనను రోగి అనుకోడు. షుగర్ అదుపులోకి వచ్చింది, బట్టలు వదులయ్యాయి, అందరూ మెచ్చుకుంటున్నారు, ఇక మినహాయింపు అడగడం బద్ధకమవుతుందని తనకు తానే తీర్పు చెప్పుకుంటాడు. ఆ తీర్పు తప్పు. కోసేసిన కడుపు మళ్లీ పెరిగి పూర్వపు కడుపు కాదు. మొదటి ఏడాది, ఏడాదిన్నర ఉపవాసాల ఊసు ఎత్తవద్దని చాలామంది నిపుణులు చెబుతారు. ఆ తరువాత కూడా రక్తపరీక్షలు చూసి, డాక్టరు ఒప్పుకుంటేనే ఉండాలి.

నిర్ణయానికి ముందు

ఆపరేషన్‌ను ఎంచుకోవడం విశ్వాసలోపమా, తిండిపోతుతనం అనే పాపానికి దొడ్డిదారి పరిహారమా అని మథనపడేవారు ఎందరో ఉన్నారు. స్థూలకాయంలో వంశపారంపర్యానికి, హార్మోన్లకు పెద్ద పాత్ర ఉందని, తగ్గిన బరువును తిరిగి తెచ్చుకోవడానికి శరీరమే గట్టిగా పోరాడుతుందని తెలిసిన తరువాత, దాన్ని కేవలం పాపంగా లెక్కకట్టడం నాకు న్యాయంగా తోచదు. కాని ఆ మథనను తీర్చుకోకుండా ఆపరేషన్ బల్ల ఎక్కవద్దు. ఎందుకంటే, అపరాధభావంతో చేయించుకున్నవారే ఆ తరువాత ప్రాయశ్చిత్తంగా కఠిన దీక్షలు పడుతున్నారు. ఆపరేషన్ తరువాత కొందరిలో కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు పెరుగుతాయని అధ్యయనాలు గుర్తించాయి కనుక, మనసులో ఉన్నది ముందే మానసిక వైద్యునికి చెప్పడం అవసరం.

మీ గురువుకో, పాస్టరుకో, ఇమాముకో విషయం చెప్పండి, అయితే ఆయనను అడగవలసింది ఉపవాసానికి బదులుగా ఏం చేయవచ్చన్నదే. కడుపు కోయించుకోవాలా వద్దా అన్నది డాక్టరును అడగవలసిన ప్రశ్న. మీరు పాటించే దీక్షలను, వాటి తేదీలను కాగితం మీద రాసి సర్జనుకు, డైటీషియనుకు ఇవ్వండి. వారు అడగలేదు కదా అని ఊరుకోవద్దు, చాలామంది అడగరు.

రక్తం ఎక్కించుకోవడం విశ్వాసానికి విరుద్ధమైతే, ఆ మాట మొదటి సంప్రదింపులోనే చెప్పి రాతపూర్వకంగా ఇవ్వాలి. అప్పుడే ఆపరేషన్‌కు ముందే హిమోగ్లోబిన్ పెంచే వ్యవధి దొరుకుతుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ పంది పేగుల నుంచి తయారవుతుంది, చాలా గొట్టం మాత్రల తొడుగు జంతు జెలటిన్. అభ్యంతరమున్నవారు ముందే అడిగితే ఫొండాపారినక్స్ వంటి కృత్రిమ మందు గురించి, శాకాహార తొడుగుల గురించి డాక్టరు ఆలోచిస్తారు. అడగకుండా ఇంటికి వెళ్లి మాత్రలు మానేయడం మాత్రం చేయవద్దు.

దీక్షల రోజుల్లో

ఆకలి లేదు కదా అని ఉపవాసం మొదలుపెట్టవద్దు.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి షుగర్ మాత్రలు వాడుతూ తిండి మానితే, షుగర్ పెద్దగా పెరగకుండానే రక్తం ఆమ్లమయమై ప్రాణం మీదికి రావచ్చు. ఇన్సులిన్ తీసుకునేవారికి షుగర్ పడిపోయే ప్రమాదం వేరుగా ఉంది. మోతాదును మీరే మార్చుకోవద్దు.

ప్రార్థన తరువాత పంచే తీపిని కళ్లకద్దుకుని కణమంత నోట వేసుకోండి, మిగిలినది పక్కవారికి ఇవ్వండి. బైపాస్ అయినవారికి తీపి గబుక్కున పేగుల్లోకి దిగి గుండెదడ, చెమటలు, విరేచనాలు పట్టుకుంటాయి.

ఆరాధనలో ద్రాక్షారసం తీసుకునేవారు మద్యం లేని రసం అడగండి. బైపాస్ తరువాత మద్యం వేగంగా తలకెక్కుతుంది, అలవాటుగా మారే ముప్పు కూడా ఎక్కువ.

దేవుడు నయం చేశాడు, ఇక విటమిన్లు ఎందుకు అనే మాట ఎవరు చెప్పినా వినవద్దు. బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం వేసుకోవలసినవే.

మూడో నెలలో జుట్టు రాలితే అది శిక్ష కాదు. వేగంగా బరువు తగ్గిన చాలామందికి రాలుతుంది, మళ్లీ వస్తుంది. దానికి పరిహారంగా మరో ఉపవాసం పట్టవద్దు.

సంతానం కోసం మొక్కుకున్నవారు ఏడాది నుంచి ఏడాదిన్నర ఆగండి. బరువు తగ్గగానే గర్భం త్వరగా నిలుస్తుంది, అప్పటికి శరీరంలో పోషకాలు ఉండవు.

తలనొప్పికి, ఒళ్లునొప్పులకు బ్రూఫెన్ లాంటి మాత్రలు బైపాస్ అయినవారు వేసుకోవద్దు, కడుపులో పుండు పడవచ్చు. పొగ తాగవద్దు.

గుండె నిమిషానికి 120 దాటి కొట్టుకుంటున్నా, జ్వరం, కడుపునొప్పి, ఎడమ భుజంలో నొప్పి, ఆయాసం వచ్చినా పూజ ముగిసేవరకు ఆగవద్దు. కుట్ల దగ్గర లీకు వారాల తరువాత కూడా బయటపడుతుంది.

వాంతులు రెండు రోజులు ఆగకపోతే ఆసుపత్రికి వెళ్లండి. దీక్ష భంగమవుతుందని వెనకాడవద్దు. ఆకలి లేదు కదా, ఇంకొక్క రోజు చూద్దాం అనవద్దు.

దీక్ష సంగతి డాక్టరుకు దాచవద్దు. ఆపరేషన్ సంగతి తోటి భక్తులకు చెప్పకపోయినా, ఇంట్లో ఒకరికైనా చెప్పండి.

ఏ ఆపరేషన్ జరిగిందో, ఏ తేదీన జరిగిందో, సర్జన్ ఫోన్ నంబరు ఏమిటో, గ్లూకోజు ఎక్కించే ముందు థయమిన్ ఇవ్వాలన్న మాటతో సహా ఒక చీటీ మీద రాసి, ప్రార్థనకు వెళ్లినా యాత్రకు వెళ్లినా జేబులో ఉంచుకోండి.