సెమీ ట్రక్ ఎయిర్ బ్రేకులు, 4వ పాఠం: గాలి ఎక్కడ పోతోంది?

పోయిన పాఠంలో ట్యాంకుల్లో నీళ్లు తీయడం చూశాం. అమెరికాలో ట్రైలర్ లాగే మనవాళ్లకు తరచూ వచ్చే సమస్య ఈసారి: ఎక్కడో బుస్సుమంటోంది, గేజీ దిగుతోంది, ఏ పార్టు మార్చాలి? ముందు ఏదీ మార్చకండి, వెతకండి.

సమంగా ఉన్న నేల మీద ఆపి చక్రాలకు చాక్‌లు (దొర్లకుండా అడ్డుపెట్టే దిమ్మెలు) పెట్టండి. ఈ పరీక్షల్లో పార్కింగ్ బ్రేకు వదిలేస్తాం, చాక్ లేకపోతే బండి దొర్లిపోతుంది. గాలి 125 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా ఎక్కాక ఇంజిన్ ఆపి, డాష్ మీద పసుపు (పార్కింగ్ బ్రేకు), ఎర్ర (ట్రైలర్‌కి గాలి పంపేది) నాబ్‌లు రెండూ లోపలికి నొక్కండి. గేజీ కుదురుకున్నాక ఒక నిమిషం చూడండి. ట్రైలర్ తగిలించిన బండికి 3 పీఎస్ఐ మించి దిగకూడదు. తర్వాత పెడల్ గట్టిగా తొక్కి పట్టండి. మొదట ఒక్కసారిగా పడేది లెక్కలోకి రాదు. అక్కడినుంచి నిమిషానికి 4 దాకా ఫర్వాలేదు.

తొక్కినప్పుడే దిగితే లోపం సర్వీస్ (పెడల్ బ్రేకు) వైపు ఉన్నట్టు: ట్రైలర్‌కి వెళ్లే నీలం గొట్టం, దాని గ్లాడ్‌హ్యాండ్ (గొట్టాన్ని ట్రైలర్‌కి తగిలించే కప్లింగు) సీలు, చాంబర్ (చక్రం దగ్గర గాలితో బ్రేకు పట్టించే డబ్బా) లోపలి రబ్బరు పొర, అంటే డయాఫ్రమ్. తొక్కకుండానే దిగితే ఎర్ర నాబ్ ఒక్కటీ బయటికి లాగండి. గేజీ ఆగితే లీకు ఎర్ర గొట్టంలోనో ట్రైలర్లోనో ఉంది, ఆగకపోతే ట్రాక్టర్లో, అంటే ముందు లాగే బండిలో. సబ్బు నీళ్లు ముందు గ్లాడ్‌హ్యాండ్ల మీదే చల్లండి. అరిగిన రబ్బరు సీలు చుట్టూ బుడగలు లేస్తాయి. చేత్తో మార్చుకునే చవక పార్టు.

ఇక నన్ను ఏడిపించిన లీకు. ట్రైలర్ కింద రిలే వాల్వ్ (పెడల్ తొక్కితే ట్రైలర్ ట్యాంకు గాలిని చాంబర్లకు పంపేది) ఎగ్జాస్ట్, అంటే గాలి బయటికి వదిలే నోటి నుంచి గాలి వస్తోందని ఓ షాపులో కొత్త వాల్వ్ వేయించాను. డబ్బులిచ్చి బయటికొచ్చానో లేదో మళ్లీ అదే చప్పుడు! వాల్వ్ తప్పేం లేదు.

వెనక చాంబర్లో (మన ఊళ్లో మెకానిక్‌లు బూస్టర్ అంటారు) రెండు గదులుంటాయి, ఒకటి సర్వీస్‌కి, ఒకటి పార్కింగ్ స్ప్రింగుకి (ఇందులో గాలి ఉన్నంతసేపు స్ప్రింగు అణిగి, బ్రేకు వదిలి ఉంటుంది). మధ్య గోడలోంచి ఒక కడ్డీ వెళ్తుంది, దాని చుట్టూ సీలు. అది అరిగితే స్ప్రింగు గదిలో గాలి సర్వీస్ గదిలోకి దూరి, గొట్టంలో వెనక్కి నడిచి, రిలే వాల్వ్ నోట్లోంచి బయటపడుతుంది. నింద వాల్వ్ మీద పడుతుంది.

తేల్చడం తేలికే. చప్పుడు వస్తుండగా ఎర్ర నాబ్ లాగండి. స్ప్రింగు గది ఖాళీ అవుతుంది. చప్పుడు ఆగితే ఆ సీలునే అనుమానించాలి. ఆగకపోతే వాల్వే, ఎందుకంటే ట్రైలర్ ట్యాంకులో గాలి ఇంకా ఉంది. ట్రైలర్ నాలుగు చాంబర్లలో ఏదో తెలియాలంటే నాబ్ లాగి ఉంచి ఒకదాని సర్వీస్ గొట్టం విప్పండి. నాబ్ మళ్లీ నొక్కినప్పుడు చాంబర్ రంధ్రం దగ్గర అరచేతికి గాలి తగిలితే అదే.

చాంబర్ వెనక సగాన్ని పట్టిన బ్యాండ్ మాత్రం విప్పకండి. లోపల అణిచిపెట్టిన స్ప్రింగు ఎగిరిందంటే ప్రాణం పోతుంది. కేజింగ్ బోల్టుతో దాన్ని బంధించాకే చాంబర్ మార్చాలి. ఆ బోల్టు ఎలా ఎక్కించాలో 5వ పాఠంలో.