శ్లాబ్ పెచ్చులూడుతోందా? సుత్తి కంటే ముందు జాకీలు

శివరాత్రి వెళ్లిందంటే మా కాకినాడ వైపు మేస్త్రీలు దొరకరు. మృగశిర కార్తె లోపు డాబా బాగుచేయించుకోవాలని అందరికీ ఒకేసారి గుర్తొస్తుంది మరి. మా నాన్నగారు 1988లో పోయించిన శ్లాబ్ పోయినేడాది వంటింట్లో పెచ్చులు రాల్చింది. అదృష్టం, ఆ సమయానికి అక్కడ ఎవరూ లేరు. ముగ్గురు కాంట్రాక్టర్లను పిలిచాను. ముగ్గురూ గుమ్మంలోనే నిలబడి, తలెత్తి ఒక్క చూపు చూసి రేటు చెప్పేశారు. ఒకాయన కింద ప్లాస్టరింగ్ చాలన్నాడు. ఇంకొకాయన పైన కోటింగ్ కొడితే పదేళ్లు చూసుకోనక్కర్లేదన్నాడు. మూడో ఆయన మొత్తం పగలగొట్టి కొత్తది పోద్దామన్నాడు. ఎవరికి ఏ పని వచ్చో ఆ మందు రాశారంతే.

అందుకే చెబుతున్నా, జబ్బు ఏమిటో చెప్పే మనిషీ, వైద్యం చేసి డబ్బు తీసుకునే మనిషీ ఒకరే కాకూడదు. ముందు ఒక స్ట్రక్చరల్ ఇంజినీరుకు విడిగా ఫీజిచ్చి చూపించండి. ఆయన చిన్న సుత్తితో శ్లాబంతా తట్టి చూస్తాడు. గట్టిగా ఉన్నచోట ఖణేల్‌మంటుంది, లోపల పొర విడిపోయినచోట డొల్ల శబ్దం వస్తుంది. డొల్ల ఉన్నచోటల్లా సుద్దముక్కతో గీత గీయించండి. మా వంటింట్లో ఊడింది చేట వెడల్పు, సుద్దగీతలు మాత్రం పక్కగది దాకా వెళ్లాయి. అనుమానముంటే కాంక్రీటును పగలగొట్టకుండానే దాని గట్టిదనం, లోపలి పరిస్థితి చూసే రీబౌండ్ హ్యామర్, అల్ట్రాసోనిక్ పరీక్షలున్నాయి. ఇంజినీరింగ్ కాలేజీల సివిల్ విభాగాలు కూడా రుసుము తీసుకుని ఇలాంటివి చేసిపెడతాయి.

అసలు లోపల జరిగేది ఇది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఉప్పు మెల్లగా కాంక్రీటులోకి దిగుతుంది. చువ్వ తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుముకంటే రెండు మూడు రెట్లకు పైగా చోటు అడుగుతుంది కాబట్టి కింది కవరింగును తోసేస్తుంది. అదే పెచ్చు. తుప్పు తీయకుండా దానిమీద ప్లాస్టరింగ్ చేస్తే జబ్బు దాక్కుంటుంది తప్ప తగ్గదు. రెండేళ్లకు ఆ ప్లాస్టరింగూ కలిసి పడుతుంది, అప్పుడు బరువు ఇంకా ఎక్కువ.

కాంట్రాక్టరును మాట్లాడేటప్పుడు రేటు కంటే ముందు ఒక ప్రశ్న అడగండి: "జాకీలు ఎప్పుడు పెడతావు బాబూ?" జాకీలంటే శ్లాబును కిందనుంచి ఆనించి పట్టే ఇనుప స్తంభాలు. చిప్పింగ్, అంటే పాడైన కాంక్రీటు కొట్టేయడం, మొదలుపెట్టకముందే అన్నవాడితోనే మిగతా మాట. అయిదంగుళాల శ్లాబ్ చదరపు అడుగుకు సుమారు 29 కిలోలు తూగుతుంది. పన్నెండు బై పన్నెండు గదంటే నాలుగు టన్నుల పైమాటే. చువ్వల చుట్టూ కాంక్రీటు కొట్టేస్తున్నంతసేపూ ఆ బరువును మోయాల్సింది జాకీలే. అవి కూడా మెత్తటి నేలమీద కాదు, కింద దిమ్మో మందపాటి చెక్కో వేసి బిగించాలి. కింద ఇంకో అంతస్తు ఉంటే అక్కడా, అదే వరుసలో పెట్టించాలి.

బాల్కనీ, సన్‌షేడ్ దగ్గర మరీ జాగ్రత్త. గది శ్లాబుకు బలమిచ్చే చువ్వలు ఎక్కువగా కింది వైపు ఉంటాయి, గోడలోంచి బయటికి చొచ్చుకొచ్చిన వాటికి పైన ఉంటాయి. తెలియని కూలీ పైనుంచి సమ్మెటతో కొట్టుకుంటూ పోతే ఆ పట్టు కాస్తా పోయి ముక్కంతా ఒక్కసారే విరిగిపడుతుంది. కింద ఎవరున్నారో చూసుకోదు.

పని జరిగినన్ని రోజులూ ఆ గదులు ఖాళీ చేయండి, ఆ డాబామీద పడక మానేయండి. శ్లాబులో కరెంటు పైపులుంటాయి, ఆ లైను ఆపించండి. కొట్టిన రబ్బీషు ఏ రోజుకారోజు దించేయాలి. సిమెంటు బస్తాలు, ఇసుక తెచ్చి శ్లాబ్ నడిమధ్య గుట్ట పోయనివ్వకండి, నలభై బస్తాలంటే రెండు టన్నులు. వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు ఉంటే ముందే ఖాళీ చేయించండి, అదొక టన్ను.

రిపేరు పద్ధతి కాగితంమీద ఉండాలి. చువ్వ చుట్టూ, దాని వెనక కూడా వేళ్లు దూరేంత కాంక్రీటు తీయడం, వైరు బ్రష్షుతో తుప్పు రుద్దడం, సన్నబడిన చువ్వ పక్కన కొత్తది కట్టడం, తుప్పు నిరోధక పూత, పాతకూ కొత్తకూ అతుకు పూత, ఆపైన కొట్టిన చోటు పూడ్చడానికి పాలిమర్ మోర్టారో మైక్రో కాంక్రీటో. ఏ గదిలో ఎన్ని చదరపు అడుగులో సుద్దగీతల ప్రకారం రాయించండి. లేకపోతే "లోపల ఇంకా పాడైంది సార్" అని రోజుకో లెక్క వస్తుంది. నిజంగానే పాడై ఉండొచ్చు, అందుకే అదనపు పని రేటూ ముందే రాసుకోవాలి.

కొత్త శ్లాబే పోయిస్తుంటే సెంట్రింగ్, అంటే కాంక్రీటు గట్టిపడేదాకా కింద ఆపే పలకలు, జాకీలు, ఊడదీసే గడువు గట్టిగా పట్టుకోండి. మామూలు సిమెంటుకు, 4.5 మీటర్ల లోపు నిడివికి జాకీలు కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉండాలని కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. ఇంకో సైటుకు కావాలని సెంట్రింగ్ వాళ్లు తొందరపెడతారు. ఎండాకాలంలో మడులు కట్టి కనీసం పది రోజులు నీళ్లు నిలపండి, క్యూరింగంటే అదే. ఉప్పునీటి బోరైతే కాంక్రీటు కలపడానికీ, క్యూరింగుకూ రెండింటికీ పనికిరాదు, ట్యాంకరు తెప్పించుకోవాల్సిందే.

హాలు పెద్దదవుతుందని మధ్యగోడ తీసేద్దామనే సలహా ఈ సందట్లోనే వస్తుంది. పిల్లర్లు లేని పాత ఇళ్లలో శ్లాబును మోసేది ఆ గోడే. ఇంజినీరును అడగకుండా ఒక్క ఇటుకా కదిలించొద్దు.

డబ్బు సంగతి. అడ్వాన్సుగా సగం అడిగేవాడితో పేచీయే. జాకీలు పెట్టాక కొంత, చిప్పింగ్ అయి చువ్వలు కళ్లతో చూశాక కొంత, అతుకులు అయ్యాక కొంత. ప్రతి దశలోనూ ఫొటోలు తీయండి, మూసేశాక చువ్వలు కనబడవు. బిల్లు తీసుకోండి. రేపు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాల్సొస్తే రెండేళ్ల లోపు వెళ్లాలి, చేతిలో కాగితం ఉంటేనే మాట నిలుస్తుంది.

చివరి పదిశాతం మొదటి గట్టి వాన చూశాకే ఇస్తానని ముందే ఒప్పించుకున్నాను. మా మేస్త్రీ జూలైలో వాన వెలిసిన మర్నాడు వచ్చాడు. వంటింటి కప్పు తడిమి చూసి, డాబా ఎక్కి తూముల్లో ఇరుక్కున్న ఆకులు తనే తీసి, దిగి డబ్బు తీసుకెళ్లాడు.